బందరు గురువులు, బెజవాడ శిష్యులు

కృష్ణా డెల్టాలో కళాశాల విద్య చరిత్రను భవనాల చరిత్రగానో, గ్రాంటుల చరిత్రగానో, పరీక్షాఫలితాల చరిత్రగానో రాయడానికి కావలసిన కాగితాలు ఉన్నాయి గాని, ఆ చరిత్రను జనం నోట నిలిపిన జ్ఞాపకాలు మాత్రం దాదాపు అన్నీ మనుషుల చుట్టూ అల్లుకున్నవే. పంతొమ్మిదో శతాబ్ది నడుమ నుంచి ఇరవయ్యో శతాబ్ది నడుమ వరకు, అంటే జనం బందరు అని పిలిచే మచిలీపట్నం విద్యకు పెద్దదిక్కుగా ఉన్న కాలం నుంచి ఆ పెద్దరికం బెజవాడ అనే విజయవాడకు తరలిన కాలం వరకు, ఈ ప్రాంతంలో చదువుకున్నవాడు ఏ కళాశాలలో చదివిందీ చెప్పి ఊరుకోక, ఎవరి దగ్గర చదివిందీ కూడా చెప్పుకునేవాడు. తెలుగులో చదువుకు ‘దగ్గర’ అనే మాట తోడుగా వస్తుంది. గురువు దగ్గర చదవడం అంటే ఆయన చెప్పిన పాఠం వినడమే కాక, ఆయన కోపతాపాలనూ నడవడినీ తిండినీ బట్టనూ కంటి ఎదుట చూస్తూ గడపడం అన్న అర్థం గురుకులాల నాటి నుంచి అందులో ఇమిడి ఉంది. ఇంగ్లీషు పద్ధతి కళాశాల వచ్చి పాఠానికి గంట కొట్టడం నేర్పింది గాని, ఆ మాటను చాలాకాలం కదిలించలేకపోయింది.

ఈ కథ నోబుల్ పాఠశాలతో మొదలవుతుంది. చర్చి మిషనరీ సొసైటీ, అనగా ఇంగ్లండులోని ఆంగ్లికన్ చర్చికి చెందిన మతప్రచార సంస్థ, 1841లో హెన్రీ వాట్సన్ ఫాక్స్, రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్ అనే ఇద్దరిని తెలుగుదేశానికి పంపగా, ఫాక్స్ ఊరూరా తిరిగి బోధించే పనిని, కేంబ్రిడ్జిలో చదివిన నోబుల్ బడి పనిని చేపట్టారు. 1843లో బందరులో ఆయన తెరిచిన ఇంగ్లీషు పాఠశాలే తరువాత నోబుల్ కళాశాల అయింది. ఆయన పెళ్ళి చేసుకోలేదు. ఇరవైనాలుగేళ్ళలో ఒక్కసారి కూడా స్వదేశానికి వెళ్ళలేదు. 1865లో బందరులోనే మరణించాడు. ప్రధానోపాధ్యాయుడి శీలమే పాఠశాలకు ప్రాణమన్న భావన రగ్బీ పాఠశాలలో థామస్ ఆర్నాల్డ్ మూలంగా ఇంగ్లండు అంతటా పాకిన రోజులవి. నోబుల్‌లోనూ ఆ కాలపు నమ్మకమే కనిపిస్తుంది. అగ్రవర్ణాల పిల్లలను ముందు ఆకట్టుకోవాలన్న ఉద్దేశంతో ఆయన అంటరానివారిగా ఎంచిన కులాల పిల్లలను తన బడిలో చేర్చుకోలేదు. దీనిని తోటి మిషనరీలే తప్పుపట్టారు. ఒక మనిషి వ్యక్తిత్వం సంస్థకు మూలమైనప్పుడు ఆ మనిషి ఎవరి మీద తలుపు మూశాడన్నది కూడా సంస్థ లెక్కలోకే వస్తుంది.

నోబుల్ ప్రభావం ఎంత లోతుగా దిగిందో 1852లో బయటపడింది. ఆయన విద్యార్థులలో మంచాల రత్నం, అయినాల భూషణం అనే ఇద్దరు ఆ ఏడాది క్రైస్తవ మతం పుచ్చుకోగా ఊరు అట్టుడికింది, జనం ఆయన ఇంటి మీదికి వచ్చారు, పెద్దలు తమ పిల్లలను మాన్పించడంతో తరగతులు ఖాళీ అయ్యాయి. ఆ ఇద్దరూ తరువాత మతబోధకులయ్యారు. ఇంగ్లీషు వ్యాకరణమూ లెక్కలూ భూగోళమూ పిల్లవాడి మతాన్ని మార్చగలవని ఏ తండ్రీ భయపడలేదు. తమ పిల్లలు ఒక్క మనిషికి మరీ దగ్గరయ్యారన్నదే వారి భయం. దీనికి రెండు దశాబ్దాల ముందు కలకత్తా హిందూ కళాశాలలో ఇదే భయం మరో రూపంలో కనిపించింది. 1826 నుంచి అక్కడ పాఠం చెప్పిన హెన్రీ డెరోజియో అనే యువ అధ్యాపకుడు శిష్యులకు ప్రశ్నించడం నేర్పాడన్న నేరానికి 1831లో ఉద్యోగం వదులుకోవలసి వచ్చి, అదే ఏడాది చివర ఇరవై రెండేళ్ళకే కన్నుమూశాడు. నోబుల్ విశ్వాసం నేర్పాడు, డెరోజియో సందేహం నేర్పాడు; తల్లిదండ్రుల దృష్టిలో మాత్రం ఇద్దరూ చేసిన తప్పు ఒక్కటే. కొంతకాలానికి బందరు పిల్లలు మళ్ళీ నోబుల్ బడికి వచ్చారు, ఎందుకంటే ఇంగ్లీషు చదువు లేనిదే సర్కారు కచేరీలో ఉద్యోగం లేదు. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన బందరు ప్రాంతంలో సుమారు 30,000 మందిని పొట్టనపెట్టుకున్నప్పుడు ప్రాణాలతో బయటపడిన నోబుల్, మరుసటి ఏడాదే అదే మట్టిలో కలిశాడు.

ఆయన పేరు పెట్టుకున్న ఆ కళాశాలలో, ఆయన ఆశించిన దానికి పూర్తిగా భిన్నమైన రీతిలో, విద్యార్థులను తనవైపు తిప్పుకున్న వ్యక్తి రఘుపతి వెంకటరత్నం నాయుడు. 1862లో మచిలీపట్నంలోనే పుట్టిన ఆయన హైదరాబాదులో చదివి, మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో విలియం మిల్లర్ దగ్గర చేరాడు. మిషనరీ కళాశాల ఉద్దేశం విద్యార్థులను ఒక్కొక్కరుగా మతంలో కలుపుకోవడం కాదని, క్రైస్తవ భావాలను మెల్లగా సమాజమంతటా ఇంకేలా చేయడమని వాదించిన మిల్లర్ మూలంగా, బాప్తిస్మం పుచ్చుకోకుండానే ఏకేశ్వరవాదులుగా మారిన హిందూ యువకులలో నాయుడు ఒకడు. ఆయన బ్రహ్మసమాజంలో, అనగా విగ్రహారాధననూ కులభేదాన్నీ తోసిపుచ్చి ఒకే దేవుణ్ణి కొలవాలని బెంగాలులో పుట్టిన సంస్కరణ సమాజంలో, చేరాడు. నోబుల్ శిష్యులు మతం మారడంతో తెగిపోయిన దారం ఇక్కడ మరో ముడి వేసుకున్నదని చెప్పవచ్చు: గురువు ప్రభావం మత మార్పిడి రూపం వదిలి నడవడి రూపం దాల్చింది, నడవడికి ఏ తండ్రీ బహిరంగంగా అడ్డుచెప్పలేడు.

1890ల దశకంలో నోబుల్ కళాశాలలో ఆంగ్లోపన్యాసకుడిగా పనిచేసిన నాయుడు, యౌవనంలోనే భార్యను పోగొట్టుకుని మళ్ళీ పెళ్ళి చేసుకోక, తెల్లని దుస్తులతో, కఠిన నియమాలతో బతికినవాడు. సాంఘిక పరిశుద్ధత అనే పేరుతో ఆయన నడిపిన ఉద్యమం పెళ్ళిళ్ళలోనూ ఉత్సవాలలోనూ భోగంమేళాలు, అంటే కళావంతుల స్త్రీల ఆటపాటలు, పెట్టించే ఆచారం మీద దండెత్తింది. మేళం ఉన్న వేడుకకు వెళ్ళకూడదని, మద్యం ముట్టకూడదని విద్యార్థులు మాట ఇచ్చేవారు. జీతంలో ఎక్కువ భాగం పేద విద్యార్థుల కోసం ఖర్చుచేయడం, అనాథలకు ఆశ్రయమివ్వడం, దళిత బాలురను చేరదీయడం ఆ రోజులలో ఉపన్యాసం కంటే బలంగా పనిచేశాయి. అయితే ఈ ఉద్యమానికి మరో వైపు కూడా ఉంది. గురువు వ్యక్తిత్వం నుంచి శిష్యులకు సోకిన ఈ పవిత్రతాదీక్ష, తరతరాలుగా పాటనూ ఆటనూ కాపాడిన కళావంతుల స్త్రీలకు బతుకుతెరువు పోగొట్టిన ఉద్యమంగా కూడా చరిత్రకెక్కింది. ఆ స్త్రీలకు బదులు ఏ పని చూపాలన్న ప్రశ్నకు ఆనాటి యువకుల దగ్గర జవాబు లేదు. ఇరవై ఏళ్ళ కుర్రవాడికి ఆదర్శం ముందు, దాని ఖరీదు తరువాత కనబడతాయి.

నాయుడు శిష్యులు ఏమయ్యారన్నది ఈ చరిత్రలో అన్నిటికంటే ఆసక్తికరమైన భాగం. 1879లో దివి సీమలో పుట్టిన ముట్నూరి కృష్ణారావు నోబుల్ కళాశాలలో ఆయన ప్రభావానికి లోనై బ్రహ్మసమాజం వైపు మొగ్గాడు; అదే కళాశాలలో భోగరాజు పట్టాభి సీతారామయ్య కూడా ఆయన విద్యార్థి. గురువు రాజకీయ పోరాటంలోకి దిగలేదు, తరువాత బ్రిటిషు ప్రభుత్వమిచ్చిన సర్ బిరుదును స్వీకరించాడు, మద్రాసు విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యాడు. శిష్యులు మాత్రం ఆయన నేర్పిన నిష్ఠను తీసుకుని దానిని ఆయన వెళ్ళని దారిలో నడిపించారు. కృష్ణారావు 1907లో కృష్ణా పత్రిక సంపాదకత్వం చేపట్టి, ఆ ఏడాదే ఆంధ్రలో పర్యటించిన బెంగాలు జాతీయ నాయకుడు బిపిన్ చంద్రపాల్ వెంట తిరిగి, జాతీయోద్యమానికి తన కలాన్ని అంకితం చేశాడు. గురువు మేళం పేరు చెబితే మండిపడగా, శిష్యుడి పత్రికా కార్యాలయంలో సాయంకాలాలు పండితులతో, కళాకారులతో దర్బారుగా సాగేవి. పట్టాభి వైద్యుడై, కాంగ్రెసు నాయకుడై, 1923లో అదే బందరులో ఆంధ్రా బ్యాంకును స్థాపించాడు. వీరిద్దరూ కోపల్లె హనుమంతరావుతో కలిసి 1910లో ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పారు. ఆనాటి వాడుకలో జాతీయ విద్య అంటే ప్రభుత్వపు గుర్తింపూ గ్రాంటూ లేకుండా, చేతిపనినీ దేశభాషనూ కలుపుకుని స్వదేశీయులే నడిపే చదువు. సర్కారు పట్టా ఇవ్వలేని కళాశాల కనుక అక్కడికి వచ్చే విద్యార్థికి పట్టాకు బదులుగా దొరికేది అధ్యాపకుల సాంగత్యమే. బెంగాలు నుంచి వచ్చిన చిత్రకారుడు ప్రమోద్ కుమార్ ఛటర్జీ అక్కడ చిత్రకళ నేర్పాడు. 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశాలప్పుడు గాంధీజీకి జెండా నమూనా అందించిన పింగళి వెంకయ్య అక్కడ అధ్యాపకుడు. 1930ల దశకంలో అడివి బాపిరాజు అధిపతి.

బాపిరాజు పేరు వచ్చింది గనుక పక్క నది ఒడ్డున ఉన్న రాజమండ్రిని కొంచెం చూడాలి. అక్కడి కళాశాలకు అధిపతిగా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఆంగ్లేయుడు బాపిరాజునూ దామెర్ల రామారావునూ చిత్రకళ వైపు నడిపించాడు. అదే ఊరిలో కొద్ది ఏళ్ళ ముందు, 1907లో, వందేమాతరం బిళ్ళలు పెట్టుకున్నందుకు విద్యార్థులను శిక్షించిన మార్క్ హంటర్ అనే మరో ఆంగ్లేయ ప్రిన్సిపాలు గాడిచర్ల హరిసర్వోత్తమరావు అనే విద్యార్థిని కళాశాల నుంచి వెళ్ళగొట్టాడు. వెళ్ళగొట్టినవాడు కూడా ఒక నాయకుణ్ణి తయారుచేశాడని గమనిస్తే, వ్యక్తిత్వ ప్రభావం అనే మాటకు ఆదరణ ఒక్కటే అర్థం కాదని తెలుస్తుంది.

ఇక నాయుడు నుంచి అత్యంత దూరం నడిచిన శిష్యుడు డెల్టా కుర్రవాడే. మద్రాసులో పుట్టి తెనాలిలో తాతగారింట పెరిగిన గుడిపాటి వెంకటచలం, 1911లో కాకినాడ పిఠాపురం రాజా కళాశాలలో చేరేటప్పటికి వెంకటరత్నం నాయుడు అక్కడ ప్రిన్సిపాలు. ఆయన ప్రభావంతో చలం బ్రహ్మసమాజికుడయ్యాడు, కులాన్ని వదిలాడు, ఇంట బయట తిట్లు తిన్నాడు. ఆ తరువాత అదే చలం పాతివ్రత్యాన్నీ వివాహ వ్యవస్థనూ నిలదీస్తూ రాసి, 1927లో ‘మైదానం’ నవల వెలువరించాడు. బెజవాడలో చాలా ఏళ్ళు బతికాడు. ఊరు ఆయనను వెలివేసినంత పనిచేసింది. స్త్రీ విషయంలో నియమమే పరమావధి అన్న గురువుకూ, స్త్రీ స్వేచ్ఛే పరమావధి అన్న శిష్యుడికీ పొంతన ఎక్కడ అంటే, నమ్మినదాన్ని ఊరంతా ఒకటై ఎదిరించినా వదలకూడదన్న మొండితనంలో అని జవాబు చెప్పుకోవాలి. చలం గురువు దగ్గర నేర్చుకున్నది సిద్ధాంతం కాదు, సిద్ధాంతం కోసం నష్టపోయే పద్ధతి. పిఠాపురం రాజా కళాశాలలో నాయుడు ఆడపిల్లలను మగపిల్లలతో కలిపి చదివించాడన్న సంగతిని కూడా ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. విత్తనాలన్నీ ఎవరు ఎక్కడ చల్లారో మొక్కలను చూసి చెప్పడం కష్టం.

ఇంగ్లీషు ఉపన్యాసకుడికి ఉన్న గౌరవమూ జీతమూ తెలుగు పండితుడికి లేని కాలంలో, ఆ లోటును ఠీవితో పూడ్చినవాడు చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి. తిరుపతి వేంకట కవుల జంటలో రెండోవాడైన ఆయన అవధానాలతో, అంటే ఎనిమిది మందో వంద మందో అడిగే సమస్యలకు ఆశువుగా పద్యాలు చెబుతూ అన్నిటినీ జ్ఞాపకముంచుకుని చివర ఏకరువు పెట్టే సాహిత్య విద్యతో, సంస్థానాలను చుట్టివచ్చి బందరు హిందూ ఉన్నత పాఠశాలలో పండితుడిగా కుదిరాడు. అది కళాశాల కాదు, ఉన్నత పాఠశాల మాత్రమే. అయినా విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వెంకటేశ్వరరావు వంటివారు ఆయన శిష్యులమని చెప్పుకున్న తరువాత, తెలుగు సాహిత్యం వరకు బందరులో ఏ కళాశాలా ఆ తరగతి గదికి సాటిరాలేదని ఒప్పుకోవాలి. పండితులు మీసం పెంచడం దోషమని తెలిసి కూడా తాము పెంచామని, కవిత్వంలో గెలిచినవారికి దాన్ని తీసి ఇస్తామని ఆ జంటకవులు చెప్పిన పద్యం తెలుగునాట ప్రసిద్ధం. వెంకటశాస్త్రి శిష్యులకు ఛందస్సుతోపాటు ఈ ధీమాను కూడా పంచాడు. అందులో సింహభాగం విశ్వనాథకు దక్కింది. నన్నయకూ తిక్కనకూ పట్టని భోగం, తనవంటి శిష్యుడు ఉండడం, చెళ్ళపిళ్ళవారికి పట్టిందని ‘రామాయణ కల్పవృక్షం’లో చెప్పుకున్న విశ్వనాథ, గురువును పొగిడాడా తనను తాను పొగుడుకున్నాడా అని అడిగితే, రెండింటికీ తేడా లేని సంబంధం అదని సమాధానం.

విద్యాకేంద్రం బందరు నుంచి బెజవాడకు మారడానికి మూలం నీటిలో ఉంది. 1855లో పూర్తయిన ఆనకట్ట కాలువల వెంట వరి పండించింది, వరి డబ్బు తెచ్చింది, డబ్బు రైలు కూడలి చుట్టూ చేరింది. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం వాల్తేరుకు వెళ్ళకముందు 1930 వరకు బెజవాడ నుంచే నడిచింది. 1937లో మొదలైన శ్రీ రాజా రంగయ్యప్పారావు, చుండూరు వెంకటరెడ్డి కళాశాలను జనం ఎస్.ఆర్.ఆర్. అండ్ సి.వి.ఆర్. అని పొడి అక్షరాలతోనే పిలుచుకున్నారు. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో పనిచేసిన విశ్వనాథ 1938లో ఇక్కడ తెలుగు అధ్యాపకుడిగా చేరి 1959 వరకు ఉన్నాడు. తెలుగుకు తొలి జ్ఞానపీఠం తెచ్చిన రచన చాలా భాగం ఈ ఊళ్ళోనే, మాచవరం, మారుతీనగర్ పరిసరాల్లోనే సాగింది. పల్లె నుంచి వచ్చిన విద్యార్థికి పంచెకట్టుతో, సంస్కృతాన్నీ షేక్‌స్పియర్‌నూ ఒకే వాక్యంలో తూచే ఈ మనిషి ఎదురుపడడమే పాఠం. ఆయన అభిప్రాయాలతో విభేదించినవారు ఆనాటి కమ్యూనిస్టు బెజవాడలో తక్కువ లేరు. అయినా ఆయనతో వాదించాలంటే ఆయనంత చదవాలి కనుక, వ్యతిరేకులు సైతం ఆయన వల్ల చదువుకున్నారు.

ఆ కళాశాల వార్షికోత్సవ కథ ఒకటి అందరికీ తెలిసిందే. నిమ్మకూరు నుంచి వచ్చిన నందమూరి తారక రామారావు అనే విద్యార్థికి ‘రాచమల్లుని దౌత్యం’ నాటకంలో విశ్వనాథ నాగమ్మ వేషమిచ్చాడు. మీసం తీయడానికి ఆ కుర్రవాడు ఒప్పుకోక, మీసంతోనే ఆ ఆడవేషం వేసి మీసాల నాగమ్మ అనిపించుకున్నాడు. మీసం మీద పద్యం చెప్పి సవాలు చేసిన కవి శిష్యుడి దగ్గర, మీసం కోసం మొండికేసిన శిష్యుడు తేలడం యాదృచ్ఛికమే కావచ్చు గాని, ఆ మొండితనాన్ని గురువు శిక్షించకుండా రంగస్థలం మీదికి పంపడంలో యాదృచ్ఛికం ఏమీ లేదు.

ఈ సాక్ష్యాలన్నిటినీ ఒక జాగ్రత్తతో చదవాలి. గురువుల ప్రభావం గురించి రాసినవారు రచయితలు, నాయకులు. దాదాపు అందరూ పురుషులు, అగ్రవర్ణాలవారు లేక భూవసతి గలవారు. గురువు ఎగతాళికి చదువు మానిన కుర్రవాడు ఆత్మకథ రాయలేదు. నోబుల్ బడిలో అడుగుపెట్టనివ్వని పిల్లవాడికి జ్ఞాపకం చెప్పుకోవడానికి గురువే లేడు. విజయవాడలో ఆడపిల్లల కోసం మారిస్ స్టెల్లా కళాశాల 1962లో వచ్చేదాకా డెల్టా స్త్రీలలో కళాశాల గురువును తలచుకోగలిగినవారు బహు తక్కువ. కనుక మహాగురువుల యుగం అని మురిసిపోయే కాలం, కొద్దిమందికి ఎంతో దగ్గరగా, చాలామందికి అందనంత దూరంగా ఉన్న కాలం కూడా.

1953లో విజయవాడలో ఏర్పడిన ఆంధ్ర లయోలా కళాశాలతో మరో పద్ధతి వచ్చింది. జెసూట్లు, అంటే బోధననే ముఖ్య వృత్తిగా ఎంచుకున్న కథోలిక సన్యాసి సమాజంవారు, 1599 నుంచి రాతలో పెట్టుకున్న విద్యాప్రణాళికను అనుసరిస్తూ, ప్రతి విద్యార్థినీ విడిగా పట్టించుకోవడాన్ని ఒక వ్యక్తి గుణంగా వదిలేయక సంస్థ నియమంగా మార్చారు. ఫాదర్లు మారినా పద్ధతి నిలిచేది. ఒక్క నాయుడు వెళ్ళిపోతే బోసిపోయే కళాశాల కంటే ఇది నమ్మదగినదే. కాకపోతే లయోలాలో చదివినవాడు కళాశాల క్రమశిక్షణను ఎంతగా తలుస్తాడో, ఒక్క మనిషి పేరును అంతగా తలవడు.

1969లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రీ యూనివర్సిటీ కోర్సు స్థానంలో రెండేళ్ళ ఇంటర్మీడియట్ రావడం, 1980ల దశకంలో ఇంజనీరింగు, వైద్య కళాశాలల ప్రవేశానికి ఎంసెట్ అనే ఉమ్మడి పరీక్ష మొదలవడం, 1986లో ఆడపిల్లల జూనియర్ కళాశాలగా శ్రీ చైతన్య విజయవాడలో పుట్టడం కలిసి ఈ ఊరి పేరును దేశమంతటా కొత్త అర్థంలో వినిపించాయి. పదహారేళ్ళ పిల్లవాడిని హాస్టల్లో ఉంచి, పొద్దున లేచింది మొదలు స్టడీ అవర్ ముగిసేదాకా నిమిషాల లెక్కన నడిపించే ఈ కళాశాలల్లో గంటల కొలతలో చూస్తే గురుశిష్యుల సాన్నిహిత్యం బందరు కాలం కంటే ఎక్కువే. అయితే పిలుపులు మారాయి. పంతులుగారు పోయి మాస్టారు, మాస్టారు పోయి సార్ వచ్చినప్పుడు ఇంకా మనిషి మిగిలే ఉన్నాడు. మ్యాథ్స్ సార్, ఫిజిక్స్ సార్, కెమిస్ట్రీ సార్ వచ్చాక పేరు ఉండవలసిన చోట సబ్జెక్టు వచ్చి కూర్చుంది. పాఠాన్ని పరీక్షకు తగిన ముక్కలుగా కోసి మెటీరియల్‌గా అచ్చువేశాక, ఆ మెటీరియల్ ఏ సార్ చేతిలో ఉన్నా ఒకటే. బాగా చెప్పే సార్‌కు వెనుకటి లెక్చరర్లు కలలో కూడా ఎరగని జీతం ఇచ్చి పోటీ యాజమాన్యం ఎగరేసుకుపోవడమూ ఉంది. ఆ మర్నాడు అదే గంటకు, అదే పేజీ నుంచి, మరో ఫిజిక్స్ సార్ పాఠం మొదలుపెడతాడు.